మాల్‌ఫంక్షన్ 54 అంటే ఏమిటి?

1986 మార్చి 21న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, టైలర్ పట్టణంలో ఈస్ట్ టెక్సాస్ క్యాన్సర్ సెంటర్‌లో రేడియేషన్ యంత్రం నడిపే ఉద్యోగిని ఎదుట, తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అన్న అక్షరాలు పడ్డాయి. చికిత్స మధ్యలో ఆగింది. రోగి మందపాటి గోడకు అవతల, మరో గదిలో బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఇవ్వవలసిన మోతాదు 202 యూనిట్లయితే ఇచ్చింది 6 యూనిట్లేనని తెర చెబుతోంది. ఇలాంటి సంకేతాలు ఆ యంత్రంతో పనిచేసేవాళ్లకు కొత్త కావు. కొన్ని రోజుల్లో నలభై దాకా వచ్చేవి, వాటిలో చాలావాటికి రోగి క్షేమంతో సంబంధమే ఉండేది కాదు. కీబోర్డు మీద 'పీ' అక్షరం నొక్కితే ఆగిన చోటి నుంచి చికిత్స మళ్లీ మొదలయ్యేది. ఆమె నొక్కింది. లోపల రోగి అప్పటికే వీపు మీద కరెంటు షాక్ కొట్టినట్టయి లేవబోతున్నాడు. రెండో దెబ్బ అతని చేతికి తగిలింది. ఆ రోజు గదిలోని కెమెరాకు ప్లగ్ పెట్టి లేదు, మాటలు వినిపించే పరికరం పాడై ఉంది. అతను వచ్చి తలుపు బాదేదాకా బయటివారికి ఏమీ తెలియలేదు. వైద్యులు రాసిన మోతాదు, శరీరానికి తగిలే రేడియేషన్ కొలతలో, 180 రాడ్లు. ఒక సెకను కూడా పట్టని కాలంలో, రూపాయి బిళ్లను మించని మేర మీద అతనికి తగిలింది 16,500 నుంచి 25,000 రాడ్ల దాకా ఉండవచ్చని తరువాత లెక్క తేలింది. అయిదు నెలలకు అతను చనిపోయాడు.

మాల్‌ఫంక్షన్ 54 అంటే ఏమిటో ఆమెకు తెలిసే దారి లేదు. యంత్రంతో పాటు ఆసుపత్రికి ఇచ్చిన మాన్యువల్‌లో ఈ సంకేతాల వివరణే లేదు. తయారీదారు దగ్గరున్న మరో కాగితంలో అది 'డోస్ ఇన్‌పుట్ 2' లోపమని మాత్రం ఉంది. దాని భావం ఏమిటని తరువాత విచారిస్తే, ఇచ్చిన మోతాదు మరీ ఎక్కువైనా కావచ్చు, మరీ తక్కువైనా కావచ్చు అని తేలింది. చాలీచాలని మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ ఒకే అంకె. ఈ యంత్రం పేరు థెరాక్-25. కెనడా ప్రభుత్వ సంస్థ అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ తయారుచేసింది. అమెరికాలో అయిదు, కెనడాలో ఆరు, మొత్తం పదకొండు యంత్రాలు ఆసుపత్రులకు చేరాయి. 1985 జూన్ నుంచి 1987 జనవరి మధ్య ఆరుగురికి ఇలా విపరీతమైన మోతాదులు పడ్డాయి. కొందరు ఆ గాయాలతోనే ప్రాణం విడిచారు. ఈ కథను సాధారణంగా ప్రోగ్రామ్‌లో దొర్లిన తప్పుల కథగా చెబుతారు. తప్పులున్న మాట నిజమే. కానీ ఆ తప్పులు రెండేళ్ల పాటు ఎవరి కంటా పడకుండా ఎలా దాగాయన్నది వేరే ప్రశ్న, నా దృష్టిలో అసలు ప్రశ్న. నాకు తోచే జవాబు ఇది: ఆ యంత్రం ఏం చేయాలో, ఏ పరిస్థితిలోనూ ఏం చేయకూడదో, దేన్ని నమ్ముకుని అలా చేస్తోందో ఎక్కడా సరిగ్గా రాసిపెట్టలేదు. రాత లేని చోట పరీక్షకు పట్టు దొరకదు. దేనితో పోల్చి తప్పు అనాలి?

యంత్రం పనితీరు కొంత తెలిస్తే గాని ఈ వాదన బోధపడదు. థెరాక్-25 రెండు రకాల చికిత్స ఇస్తుంది. చర్మానికి దగ్గరగా ఉన్న కణితికి నేరుగా ఎలక్ట్రాన్ పుంజాన్ని పంపుతుంది. లోతుగా ఉన్నదానికి ఎక్స్‌రేలు కావాలి. వాటి కోసం ఎలక్ట్రాన్లను ఒక లోహపు ఫలకానికి గట్టిగా కొట్టించి, పుట్టిన ఎక్స్‌రేలను ఒక వడపోత గుండా పంపి సమంగా పరుస్తారు. ఈ దారిలో శక్తి చాలావరకు ఖర్చయిపోతుంది కనుక, ఎక్స్‌రే పద్ధతిలో పుంజాన్ని సుమారు వంద రెట్లు బలంగా పంపాలి. ఫలకం, వడపోత, ఎలక్ట్రాన్లను విరజిమ్మే అయస్కాంతాలు అన్నీ ఒక తిరిగే పళ్లెం మీద అమర్చి ఉంటాయి. పద్ధతి మారితే పళ్లెం తిరగాలి. పుంజం ఎక్స్‌రేకు తగిన బలంతో ఉండి, పళ్లెం ఎలక్ట్రాన్ స్థానంలో ఉందా, రోగికీ ఆ నూరింతల పుంజానికీ మధ్య అడ్డేమీ ఉండదు. దీనికి ముందరి యంత్రం థెరాక్-20లో ఈ ప్రమాదం జరగకుండా విడిగా ఇనుప కట్టడి ఉండేది. పళ్లెం చోటులో లేకపోతే విద్యుత్ వలయమే తెగిపోయేది. థెరాక్-25 రూపకర్తలు ఆ కట్టడిని చాలావరకు తీసేసి, కాపలా పనిని కంప్యూటర్‌కు అప్పగించారు. ఈ యంత్రంలో మనం చూడవలసిన కొత్తదనం అదే.

టైలర్‌లో జరిగింది ఈ కొత్తదనం దగ్గరే. ఆ ఉద్యోగిని చికిత్స వివరాలు టైపు చేస్తూ, అలవాటు కొద్దీ ఎలక్ట్రాన్‌కు గుర్తుగా 'ఈ' కొట్టవలసిన చోట 'ఎక్స్' కొట్టింది. రోజూ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఎక్స్‌రే చికిత్సే. తప్పు చూసుకుని, బాణం గుర్తు మీటతో పైకి వెళ్లి దిద్దుకుని, కిందికి వచ్చి పని ముగించింది. అనుభవజ్ఞురాలు కాబట్టి కొన్ని సెకన్లలో అయిపోయింది. ఈలోగా యంత్రం మొదటి ఆదేశం ప్రకారం పెద్ద అయస్కాంతాలను సరిచేసుకుంటోంది. ఆ పనికి దాదాపు ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలో ఎవరైనా వివరాలు మార్చారా అని ప్రోగ్రామ్ చూసుకోవాలి. చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. అయితే దానికి వాడిన గుర్తు మొదటి అయస్కాంతం సర్దుబాటు కాగానే చెరిగిపోయేది, తరువాత చేసిన దిద్దుబాటు కంటపడేది కాదు. ప్రోగ్రామ్‌లో మరో భాగం మాత్రం దిద్దిన అక్షరాన్ని చదివి పళ్లేన్ని ఎలక్ట్రాన్ స్థానానికి తిప్పింది. తెర మీద అన్నీ సరిగ్గానే కనబడ్డాయి. పుంజం ఒక ఆదేశాన్ని, పళ్లెం మరో ఆదేశాన్ని పాటించాయి. మోతాదు కొలిచే పరికరం ఆ ధాటికి తట్టుకోలేక, అంతకు మించి లెక్కించలేక 6 దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు ఈ యంత్రాన్ని బజారుకు పంపే ముందు జరిగిన మూల్యాంకనం చూద్దాం. 1983 మార్చిలో తయారీ సంస్థ ఒక భద్రతా విశ్లేషణ చేసింది. ఏయే భాగం ఎలా చెడిపోతే ఏ ప్రమాదం వస్తుందో చెట్టు కొమ్మల్లా గీసి, ఒక్కొక్కదానికి సంభావ్యత లెక్కగట్టే పద్ధతి అది. పద్ధతి మంచిదే. కానీ ఆ విశ్లేషణ తనకు తాను పెట్టుకున్న హద్దులు చదివితే గుండె జారుతుంది. విస్తృతంగా పరీక్షించాం గనుక ప్రోగ్రామ్‌లో తప్పులు తగ్గిపోయాయనీ, ఇంకా మిగిలిన తప్పులేవైనా ఉంటే అవి ఈ లెక్కలోకి రావనీ అందులో ఊహించుకున్నారు. ప్రోగ్రామ్ అరగదు, తుప్పు పట్టదు కనుక కాలంతో చెడదన్నారు. కంప్యూటర్ తప్పు చేస్తే అది భాగాలు పాడవడం వల్లనో, బయటి విద్యుత్ అలజడి వల్లనో మాత్రమే అన్నారు. ఆ మీదట, కంప్యూటర్ తప్పు శక్తిని ఎంచుకునే అవకాశం పది వేల కోట్లలో ఒకటి అని, తప్పు పద్ధతిని ఎంచుకునే అవకాశం వంద కోట్లలో నాలుగు అని రాశారు. యంత్రంలో కొత్తగా ఏది వచ్చిందో అదే పరీక్షకు అవతల ఉండిపోయింది. ఇంటికి కొత్త తలుపు పెట్టించి, గోడలన్నీ తట్టి చూసి, తలుపు సంగతి వడ్రంగి చూసుకున్నాడులే అని తాళం చెవులు పుచ్చుకున్నట్టుంది.

ఆ అంకెల మీద ఒక్క క్షణం ఆగాలి. అవి ఎలా వచ్చాయో విశ్లేషణలో వివరణ లేదు. అసలు అలాంటి అంకెను పరీక్షతో రాబట్టడం సాధ్యమా? వంద కోట్ల గంటలకు ఒక్కసారి మాత్రమే తప్పుతుందని ఒక యంత్రం గురించి చెప్పాలంటే, కనీసం అన్ని గంటలైనా నడిపి చూడాలి. ఏడాదికి 8,760 గంటలు. లెక్క చేస్తే లక్షా పద్నాలుగు వేల ఏళ్లు పైన తేలుతుంది. వంద యంత్రాలు పక్కపక్కన పెట్టి రాత్రింబవళ్లు నడిపినా వెయ్యేళ్లు దాటుతుంది. ఇంత చిన్న సంభావ్యతను నడిపి చూసి నిరూపించడం ఎవరి వల్లా కాదు. ఇంజినీరు పాడయ్యే మీట గురించి అలాంటి అంకె చెబితే వెనక వేల మీటల అనుభవం ఉంటుంది. ఒకే ఒక్క ప్రతిగా పుట్టిన ప్రోగ్రామ్ గురించి చెబితే వెనక నమ్మకం తప్ప ఏమీ ఉండదు. నమ్మకాన్ని అంకెగా రాస్తే అది కొలత అయిపోదు. 1985 జులైలో కెనడాలోని హామిల్టన్‌లో ఒక రోగికి ప్రమాదం జరిగాక, పళ్లెం స్థానం చెప్పే చిన్న స్విచ్చును అనుమానించి మార్చారు. ఆ స్విచ్చే కారణమని రుజువు కాలేదు, ప్రమాదాన్ని మళ్లీ పుట్టించి చూపనూ లేదు. అయినా భద్రత లక్ష రెట్లు పెరిగిందని ప్రకటించారు. ఆ ఏడాది డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని యకీమాలో మరో రోగి చర్మం కాలితే, అది తమ యంత్రం వల్ల అసాధ్యమని ఆసుపత్రికి జవాబు వెళ్లింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. విశ్లేషణ కాగితం మీదే ఉంది కదా, అది రాతే కదా, రాత ఉన్నంత మాత్రాన ఏం ఒరిగింది? న్యాయమైన ప్రశ్న. రాతలన్నీ ఒక జాతివి కావు. 'ఈ యంత్రం సురక్షితం' అని రాస్తే దాన్ని తప్పని చూపే దారి చదివేవాడికి ఇవ్వలేదు. 'పుంజం బలం ఎక్స్‌రే స్థాయిలో ఉన్నప్పుడు ఫలకం దారిలో లేకపోతే, కాలమేదైనా, తెర మీద ఏమున్నా, పుంజం పుట్టదు. దీన్ని ఫలానా భాగం ఫలానా విధంగా కాపాడుతుంది' అని రాస్తే, అది తన గొంతును చదివేవాడి చేతికిచ్చే వాక్యం. దాన్ని పట్టుకుని పరీక్షకుడు అడ్డం తిరుగుతాడు: వివరాలు మధ్యలో మారిస్తే? వేగంగా మారిస్తే? రెండుసార్లు మారిస్తే? మూల్యాంకనానికి పనికొచ్చే రాత అంటే ఓడిపోవడానికి సిద్ధపడిన రాత. ఈ ప్రోగ్రామ్‌ను చాలావరకు ఒక్క మనిషే, కంప్యూటర్ సొంత అసెంబ్లీ భాషలో, కొన్నేళ్ల పాటు రాసుకుంటూ వచ్చాడు. తయారీ కాలంలో దాని గురించిన పత్రాలు బహు తక్కువని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తరువాత గుర్తించింది. ప్రోగ్రామ్ ఏం చేయాలో రాసి లేదు, పరీక్షకు పథకం లేదు.

ఒక్క పేరాలో రాసుకుని ఉంటే బయటపడేదేమిటో చూపడానికి ఆరో ప్రమాదం చాలు. 1987 జనవరి 17న మళ్లీ యకీమాలోనే జరిగింది. ఈసారి లోపం వేరు. చికిత్సకు ముందు యంత్రం పళ్లెం స్థానాన్ని పదే పదే సరిచూసుకుంటూ ఉంటుంది. ఇంకా చూడవలసి ఉందా లేదా అన్నది మెమొరీలో ఒక చిన్న గడి చెబుతుంది. అందులో సున్నా ఉంటే చూడనక్కర లేదు, వేరే ఏ అంకె ఉన్నా చూడాలి. సున్నా కాకుండా ఉంచడానికి ప్రోగ్రామర్ తీసుకున్న దారి, ప్రతి చుట్టుకూ ఆ గడిలో ఒకటి కలపడం. ఆ గడి ఒక బైటు. బైటు 255 దాకే లెక్కిస్తుంది. పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ నిండగానే సున్నాలకు తిరిగినట్టు, 255కు ఒకటి కలిపితే గడిలో సున్నా పడుతుంది. అంటే ప్రతి 256వ చుట్టులో ఒక్క క్షణం యంత్రం కళ్లు మూసుకుంటుంది. సరిగ్గా ఆ క్షణాన ఉద్యోగి 'సెట్' మీట నొక్కితే, పళ్లెం ఎక్కడున్నా పుంజం బయల్దేరుతుంది. దిద్దుబాటు ఒక్క ముక్క: ఒకటి కలపడం మాని, ప్రతిసారీ సున్నా కాని ఒకే స్థిరమైన అంకె పెట్టడం. ఈ గడి గురించి ఎవరైనా నోటు పుస్తకంలో 'దీని అర్థం ఇది. ఇందులో పడగల విలువలు ఇవి' అని రాయబోయారనుకుందాం. 'సున్నా నుంచి 255' అని రాసిన చెయ్యి తరువాతి వాక్యం దగ్గర ఆగక తప్పదు. ఆ తరువాత ఏమవుతుంది? రాయడం అంటే తెలిసినదాన్ని కాగితం మీదికి దించడమేనని అనుకుంటాం. నిజానికి తెలియనిది ఏదో తెలిసేది రాసేటప్పుడే. ఈ కారణం వల్ల నేను డాక్యుమెంటేషన్‌ను పరీక్షకు ముందు చేసే గుమాస్తా పని అనుకోను. అదే మొదటి పరీక్ష.

ఎక్కువ పరీక్షిస్తే సరిపోయేది కదా, రాతలతో పనేముందని మరికొందరు అంటారు. ఎంత పరీక్షించారని థెరాక్-25 వాడకందారుల సమావేశంలో అడిగినప్పుడు తయారీ సంస్థ నాణ్యతాధికారి 2,700 గంటలని చెప్పాడు. గట్టిగా అడిగితే, అవి వాడిన గంటలని తేలింది. వాడటం వేరు, పరీక్షించడం వేరు. మార్చి ప్రమాదం తరువాత సంస్థ ఇంజినీర్లు టైలర్ వచ్చి రోజంతా ప్రయత్నించినా మాల్‌ఫంక్షన్ 54ను రప్పించలేకపోయారు. యంత్రం ఏప్రిల్ 7న మళ్లీ వాడకంలోకి వచ్చింది. ఏప్రిల్ 11న అదే ఉద్యోగిని, అదే దిద్దుబాటు, అదే సంకేతం, మరో రోగి. ఈసారి ఆ ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త ఆమెను కూర్చోబెట్టుకుని, ఏ మీట తరువాత ఏ మీట నొక్కిందో గుర్తు చేయిస్తూ, పట్టు వదలకుండా ఇద్దరూ టైపు చేస్తూ పోయారు. వేగంలో ఉంది కిటుకు. చేతికి ఆ వేగం అలవడ్డాక సంకేతాన్ని కావాలన్నప్పుడు రప్పించగలిగారు. తయారీ సంస్థ తన దగ్గర ప్రయత్నిస్తే మొదట రాలేదు. వేగంగా కొట్టాలని చెప్పాక వచ్చింది. పరీక్షించే మనిషి జాగ్రత్తగా, నెమ్మదిగా కొడతాడు. రోజుకు పాతికమందిని చూసే మనిషి చేతులు అలా ఉండవు. ఎనిమిది సెకన్ల లోపు దిద్దితే ఏమవుతుందని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ ఎనిమిది సెకన్ల సంగతి పరీక్షకుల చేతిలోని ఏ కాగితమూ చెప్పలేదు. పరీక్షలు ఎన్ని చేశామన్నది కాదు, దేన్ని ఉద్దేశించి చేశామన్నది లెక్క. హైదరాబాద్ కంపెనీల్లో టెస్టింగ్ పనిలో ఉన్న వేలాది తెలుగు యువతకు ఇది కొత్త మాట కాదు. రిక్వైర్‌మెంట్ పత్రం సరిగా లేకుండా టెస్ట్ కేసులు రాయమంటే ఏం రాయాలో తోచని సంకటం వాళ్లకు బాగా తెలుసు.

పాత అనుభవం మీద ఆధారపడటంలో తప్పేమిటన్నది ఇంకా బలమైన అభ్యంతరం. థెరాక్-20లో వాడిన ప్రోగ్రామ్ భాగాలే కొన్ని థెరాక్-25లోకి వచ్చాయి. ఆ యంత్రం మీద ఎవరికీ హాని జరగలేదు. ఏళ్ల తరబడి నడిచిన ప్రోగ్రామ్‌ను నమ్మడం సహజం. దీనికి జవాబు షికాగో విశ్వవిద్యాలయంలో దొరికింది. అక్కడ థెరాక్-20తో విద్యార్థులకు పాఠం చెప్పేవారు. కొత్త విద్యార్థులు వచ్చినప్పుడల్లా, మొదటి కొన్ని వారాల పాటు ఫ్యూజులు ఎగిరిపోయేవి. వాళ్లకు పని అలవాటయ్యాక ఆగిపోయేవి. టైలర్ ఉదంతం తెలిశాక అక్కడి భౌతికశాస్త్రవేత్త పరిశీలిస్తే అదే లోపం బయటపడింది. అలవాటు లేని పిల్లలు వింత వింతగా మీటలు నొక్కి లోపాన్ని తట్టిలేపేవారు. ఇనుప కట్టడి ఫ్యూజును ఎగరగొట్టి ప్రమాదాన్ని ఆపేది. ప్రోగ్రామ్ మంచిదని అందరూ అనుకున్న ఆ ఏళ్లన్నీ ఫ్యూజులు దాని తప్పులను మోశాయి. ఆ ఫ్యూజు ఎందుకుందో, ఏ తప్పు నుంచి ఎవరిని కాపాడుతోందో పాత యంత్రం పత్రాల్లో రాసి ఉంటే, దాన్ని తీసేసే ముందు కొత్త యంత్రం రూపకర్త చెయ్యి తడబడేది. పాత ఇంటి మధ్య స్తంభం దేన్ని మోస్తోందో తెలియకుండా తీయించడం ఇది. అనుభవం ఒక వ్యవస్థ మొత్తానిది. అందులోంచి ఒక ముక్కను ఊడదీసి కొత్తదానిలో పెడితే అనుభవం వెంట రాదు.

ప్రోగ్రామ్‌కు మించిన పత్రం ఏముంది, కోడ్ చదివితే అంతా తెలుస్తుందన్నది ప్రోగ్రామర్ల లోకంలో బాగా వినబడే మాట. పత్రాలు పాతబడతాయి, కోడ్ అబద్ధం చెప్పదు అంటారు. అబద్ధం చెప్పదన్నది నిజమే. బైటులో ఒకటి కలపమని రాస్తే నిజాయితీగా కలిపింది, 255 తరువాత నిజాయితీగా సున్నా చూపింది. కోడ్ ఏం చేస్తుందో చెబుతుంది, ఏం చేయాలని మనం కోరుకున్నామో చెప్పదు. ఆ రెంటి మధ్య ఎడమే లోపం. ఒక్క ఒడ్డునే చూస్తే ఏటి వెడల్పు తెలియదు. పత్రాలు పాతబడతాయన్నది కూడా నిజమే, అయితే అది పత్రాలను కోడ్‌తో పాటు మార్చుకుంటూ పోవడానికి కారణం కావాలి గాని మానేయడానికి కాదు.

ఇవన్నీ ఇప్పుడు తెలిసినవి, ఆనాటి వాళ్లను నిందించడం వెనకటి చూపు కదా? కొంతవరకు ఒప్పుకుంటాను. ప్రాణాల మీద అధికారం ఉన్న చోట ప్రోగ్రామ్‌ను కూర్చోబెట్టడం అప్పుడప్పుడే మొదలవుతోంది. వైద్య పరికరాల్లోని సాఫ్ట్‌వేర్‌ను ఎలా పరీక్షించాలో నియంత్రణ సంస్థలకే స్పష్టత లేదు. కానీ ఒకేసారి నడిచే రెండు ప్రోగ్రామ్ భాగాలు ఒకే గడిని తాకితే వచ్చే చిక్కులను ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965 నాటికే కాగితం మీద పెట్టాడు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటు చేసిన సమావేశం సాఫ్ట్‌వేర్ తయారీని ఇంజినీరింగ్‌గా చూడాలని చర్చించింది. 1983 నాటికి ఇవి పండితుల రహస్యాలు కావు. పైగా, ప్రమాదం తరువాత ప్రమాదం జరుగుతుంటే 'అసాధ్యం' అని జవాబివ్వడానికి ఏ కాలపు అజ్ఞానమూ కారణం కాదు. ఒక ఆసుపత్రిలో జరిగింది మరో ఆసుపత్రికి తెలియలేదు. ఇలాంటి ఉదంతం మరెక్కడా లేదని అడిగినవాళ్లకు చెప్పారు. ప్రమాదాల చిట్టా రాసి పంచడం కూడా ఒక వ్యవస్థ పత్రాల్లో భాగమేనని ఇక్కడ గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

మాన్యువల్ ఉన్నా మనిషి తప్పు చేస్తే ఎవరేం చేయగలరన్న వాదనకు పనామా జవాబు చెబుతుంది. 2000 ఆగస్టు నుంచి పనామా నగరంలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో రేడియేషన్ సమయాన్ని లెక్కించే ప్రోగ్రామ్‌కు వివరాలు ఎక్కించే తీరు మార్చారు. ఆరోగ్యంగా ఉన్న అవయవాలను కప్పే అడ్డుబిళ్లలు నాలుగింటినే ఆ ప్రోగ్రామ్ ఒప్పుకునేది. వైద్యులకు అయిదు కావలసి వచ్చింది. అన్నిటినీ కలిపి ఒకే బిళ్లగా గీసి ఇచ్చే ఉపాయం అక్కడివాళ్లు కనిపెట్టారు. ప్రోగ్రామ్ కాదనలేదు, హెచ్చరించలేదు. సమయాన్ని మాత్రం తప్పుగా, ఉండవలసినదానికి సుమారు రెట్టింపుగా లెక్కగట్టింది. ఇరవై ఎనిమిది మందికి అతి మోతాదు పడ్డాక గాని బయటపడలేదు. పరిశీలించిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, మాన్యువల్ ఆ విషయంలో స్పష్టంగా లేదని, ప్రోగ్రామ్ మాన్యువల్‌లో లేని పద్ధతులను కూడా నోరెత్తకుండా స్వీకరించిందని, ఆసుపత్రి కొత్త పద్ధతిని చేత్తో లెక్కించి సరిచూసుకోలేదని మూడింటినీ చెప్పింది. చివరికి కోర్టు దాకా వెళ్లింది మాత్రం ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్తలు. ఉపాయం కనిపెట్టేవాడు దుర్మార్గుడు కాదు, తన రోగికి మంచి చేయబోయినవాడు. 'ఇలా ఇవ్వరాదు, ఇస్తే నేను లెక్కించను' అన్న వాక్యం మాన్యువల్‌లో ఉండి, అదే మాట ప్రోగ్రామ్ కూడా తెర మీద చెప్పి ఉంటే అతని మంచితనం ప్రాణాంతకం అయ్యేది కాదు. ఆ వాక్యం రాయవలసిన బాధ్యత వాడేవాడిది కానే కాదు.

మిగిలినది ఖర్చు. ఇదే అన్నిటికన్నా నిజమైన అభ్యంతరం. దీనికి తీపి జవాబు నా దగ్గర లేదు. 1980ల చివరిలో అదే కెనడాలో, ఒంటారియో సరస్సు ఒడ్డున డార్లింగ్టన్ అణువిద్యుత్ కేంద్రం సిద్ధమైంది. ప్రమాదం వస్తే రియాక్టర్‌ను ఆపే పని అక్కడ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల చేతిలో ఉంది. అణు నియంత్రణ మండలి వాటిని నమ్మడానికి ఒప్పుకోక, డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త సలహా కోరింది. ఆయన చెప్పిన దారి కఠినమైనది. ప్రోగ్రామ్ ఏం చేయాలో ఒక బృందం గణిత పట్టికలుగా రాసింది. ఆ రాతను చూడకుండా మరో బృందం, కోడ్‌ను మాత్రమే చదివి, అది నిజంగా ఏం చేస్తోందో అలాంటి పట్టికలే రాసింది. మూడో బృందం రెండు పట్టికలూ గడి గడిగా పోల్చింది. నాలుగోది ఈ మూడు బృందాల పనినీ తనిఖీ చేసింది. తయారైన కేంద్రం అనుమతి కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ప్రతి నెలా పెద్ద నష్టం. చివరికి అనుమతి వచ్చింది గాని, ఈ ప్రోగ్రామ్‌ను ఇలా నెట్టుకురావడం కన్నా తేలిగ్గా పరిశీలించదగిన రీతిలో మళ్లీ రాసుకోవడమే మేలన్న నిర్ణయమూ వెంట వచ్చింది. ఇంత శ్రమ గ్రంథాలయం జాబితాకు అక్కర్లేదు, సినిమా టికెట్లు అమ్మే యాప్‌కు అక్కర్లేదు. మనిషి శరీరం మీదికి పుంజాన్ని వదిలే యంత్రానికి అక్కరుంది. డార్లింగ్టన్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇది: రాత ముందుగా ఉంటే ఖర్చు తక్కువ, కట్టడం పూర్తయ్యాక రాయడం మొదలుపెడితే ఖర్చు ఎక్కువ. అక్కడి ఆలస్యానికి కారణం పత్రాలు కాదు, పత్రాలు ఆలస్యంగా రావడం.

టైలర్ రెండో ప్రమాదం జరిగిన నాలుగు రోజులకు, 1986 ఏప్రిల్ 15న, థెరాక్-25 ఉన్న ఆసుపత్రులన్నిటికీ తయారీ సంస్థ ఒక ఉత్తరం పంపింది. కీబోర్డు మీద పైకి వెళ్లే బాణం మీట టోపీ ఊడదీసి, లోపలి స్విచ్చు పనిచేయకుండా విద్యుత్ టేపు అంటించమన్నది దాని సారాంశం. ఎందుకో సరిగ్గా లేదు. ఆ మీట వాడితే రోగికి ఏమవుతుందో లేదు. ఎఫ్‌డీఏ మే 2న యంత్రంలో లోపముందని ప్రకటిస్తూ ఆ ఉత్తరాన్ని కూడా తప్పుపట్టింది, ప్రమాదం ఏమిటో వాడేవాళ్లకు తెలియజేయనిది హెచ్చరిక కాదని. తరువాత ఏడాది పైన సంస్థకూ, ఎఫ్‌డీఏకూ, ఆసుపత్రుల భౌతికశాస్త్రవేత్తలకూ మధ్య కాగితాలు నడిచాయి. ఈ వాడకందారులు తమ సంఘంగా కూడి, పత్రాలు చూపమని, అంతా వివరించమని పట్టుబట్టారు. ఆ మధ్యలోనే యకీమాలో ఆరో ప్రమాదం జరిగింది, యంత్రాల వాడకం ఆపమని 1987 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ సూచించింది. ఆ వేసవికి తుది దిద్దుబాటు ప్రణాళిక తేలింది. పుంజంలో మొదటి తునకకే మోతాదు మించితే కంప్యూటర్‌తో సంబంధం లేకుండా ఆపేసే వలయం పెట్టారు. పళ్లెం స్థానాన్ని విడిగా కొలిచే పరికరం అమర్చారు. ఉద్యోగి కాలు తీస్తే యంత్రం భాగాల కదలిక ఆగిపోయే మీట పెట్టారు. మోతాదు లోపం వస్తే 'పీ' నొక్కి ముందుకు పోయే వీలు తీసేశారు. ఆ జాబితాలో మరో అంశం కూడా ఉంది: తెర మీద వట్టి అంకెలు ఇక ఉండరాదు, వాటి స్థానంలో చదివితే అర్థమయ్యే మాటలు ఉండాలి.